ఫ్లాట్‌కు ఏ కుక్క సరిపోతుంది?
జాతి ఒక్కటే చూస్తే సరిపోదు... మన తీరికా, మన ఉక్కపోతా లెక్కలోకి రావాలి

తోటపల్లి గూడూరు మండలం ఊళ్లలో కుక్కను ప్రత్యేకంగా ‘పెంచడం’ తక్కువే. వాకిట్లో ఉంటుంది. ఇంత అన్నం పెడితే తింటుంది. పగలు చెట్టునీడన పడుకుంటుంది, రాత్రి ఇంటి దగ్గరో రొయ్యల గుంటల దగ్గరో కాపలా కాస్తుంది. అది ఎంత తిరగాలో, ఎక్కడ చల్లగా ఉంటుందో అదే చూసుకుంటుంది. అదే ఇంట్లోని పిల్లలు చదువుకుని నెల్లూరులోనో, చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో రెండు పడకగదుల ఫ్లాట్‌లో కాపురం పెట్టాక లెక్క మారిపోతుంది. అక్కడ కుక్క ఎప్పుడు బయటికి వెళ్లాలన్నా మనిషి గొలుసు పట్టుకుని తీసుకెళ్లాల్సిందే. ఎండ తగిలినా, ఉక్కపోసినా, విసుగు పుట్టినా అది తలుపు తీసుకుని వెళ్లలేదు.

అందుకే ఫ్లాట్‌లో కుక్కను తెచ్చుకోవడం బొమ్మను చూసి ముచ్చటపడి కొనడం లాంటిది కాదు. పన్నెండు, పదిహేనేళ్ల బాధ్యత. ఎంపిక తప్పితే కుక్క ఆరోగ్యం దెబ్బతింటుంది. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ముప్పు వస్తుంది. చివరికి అది వీధిలో పడుతుంది. ఈ మధ్య కోర్టులు, ప్రభుత్వాలు, నగరపాలక సంస్థలు కుక్కల గురించి ఇంతగా మాట్లాడుతున్న వేళ ఈ విషయాన్ని కొంచెం నిదానంగా చూడటం మంచిది.

వార్తల్లో కుక్కలు

వీధికుక్కల బెడదపై సుప్రీంకోర్టు 2025 జులైలో తనంతట తానుగా విచారణ చేపట్టింది. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని ఆగస్టు 11న ఆదేశించింది. దానిపై పెద్ద చర్చ జరిగాక, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటినీ మీదపడే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలరాదనీ చెప్పింది. వీధికుక్కలను దత్తత తీసుకోవాలనుకునేవారు స్థానిక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చనీ, అయితే అవి మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేననీ స్పష్టం చేసింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలని నవంబరు 7న మరో ఉత్తర్వు ఇచ్చింది.

పెంపుడు కుక్కల వైపు చూస్తే, 2022 జులైలో లఖ్‌నవూలో ఒక పిట్‌బుల్ తన యజమాని తల్లినే కరిచి చంపింది. 2024 మేలో చెన్నైలోని ఒక పార్కులో అయిదేళ్ల పాపపై రెండు రాట్‌వీలర్లు దాడి చేశాయి. అంతకు ముందే, 2024 మార్చి 12న, పిట్‌బుల్, రాట్‌వీలర్, కేన్ కోర్సో వంటి 23 రకాల జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపాలంటూ కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితుల మాట వినకుండా నిర్ణయం తీసుకున్నారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. 2025 డిసెంబరులో గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ పిట్‌బుల్, రాట్‌వీలర్లకు కొత్త లైసెన్సులు ఇవ్వకూడదని తీర్మానించింది. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ తీర్మానం మనకూ పట్టే విషయమే.

జాతిని బట్టి స్వభావం చెప్పగలమా?

కొంతవరకే. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కలపై చేసిన అధ్యయనం 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని అది తేల్చింది. మిగతాది తల్లి పెంపకం, పుట్టిన మొదటి నెలల్లో మనుషులతో అలవాటు, శిక్షణ, ఇంట్లో చూసే తీరు, ఆ కుక్క సొంత గుణం మీద ఆధారపడి ఉంటుంది.

అలాగని జాతిని పూర్తిగా పక్కన పెట్టలేం. ఒళ్లు ఎంత పెరుగుతుంది, బొచ్చు ఎంత, ముక్కు పొడవెంత, దవడ బలమెంత, ఏ పని కోసం తరతరాలుగా పెంచారు... ఇవన్నీ జాతితో వచ్చేవే. ముప్పై, నలభై కిలోల కుక్క కరిస్తే పడే గాయం, ఆరు కిలోల కుక్క కరిస్తే పడే గాయం ఒకటి కావు. లిఫ్టులో, మెట్ల మీద పక్కింటి పిల్లలు రోజూ ఎదురయ్యే అపార్ట్‌మెంట్‌లో ఈ తేడా చాలా పెద్దది. కాబట్టి జాతిని చూసి కుక్క ఒళ్లు, ఓపిక అంచనా వేయాలి. స్వభావం తెలియాలంటే మాత్రం ఆ కుక్కనే, వీలైతే దాని తల్లినీ స్వయంగా చూడాలి.

చిన్న ఇల్లయితే చిన్న కుక్కేనా?

అందరూ చేసే మొదటి పొరపాటు ఇదే. కుక్కకు కావలసిన స్థలం దాని సైజును బట్టి కాకుండా దాని చురుకును బట్టి ఉంటుంది. బీగిల్ చూడటానికి చిన్నదే, పది కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. కానీ కుందేళ్ల వాసన పట్టి గంటల తరబడి పరుగెత్తడానికి తయారుచేసిన వేటకుక్క అది. ఫ్లాట్‌లో బంధిస్తే గొంతెత్తి ఊళ వేస్తుంది, చెప్పులూ సోఫాలూ కొరికేస్తుంది. జాక్ రస్సెల్ టెర్రియర్ కూడా అంతే. మరోవైపు ఎత్తయిన గ్రేట్ డేన్ ఇంట్లో మందకొడిగా పడుకునే రకమే. అయితే దాని తిండి, వైద్యం, దాన్ని మోసి తీసుకెళ్లాల్సిన అవసరం చాలా ఇళ్లకు మించిన భారం.

కాబట్టి ఇల్లు ఎన్ని చదరపు అడుగులన్నది రెండో ప్రశ్న. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి కనీసం అరగంట, వానొచ్చినా పండగొచ్చినా బయటికి తీసుకెళ్లేవాళ్లు ఇంట్లో ఎవరున్నారన్నది మొదటి ప్రశ్న. ఇద్దరూ ఉద్యోగస్థులై, పొద్దున తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి తీసే ఇంట్లో ఏ జాతీ సుఖపడదు. పెద్ద కుక్కయినా నాలుగు నుంచి ఆరు గంటలకు మించి ఒంటరిగా ఉండటం కష్టం. మూడు నెలల పిల్ల అయితే రెండు, మూడు గంటలే. ఒంటరితనంతో వచ్చే ఆందోళన వల్ల ఎడతెగని అరుపు, ఇంట్లోనే మూత్రం, సొంత కాళ్లను నాకి పుండు చేసుకోవడం మొదలవుతాయి. పక్కింటివాళ్లతో తగాదాలు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.

తీరప్రాంతపు ఉక్కపోత

మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు అరికాళ్లలో తప్ప చెమట గ్రంథులు పెద్దగా పనిచేయవు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోట్లోని తడి ఆవిరయ్యేలా చేసుకుని ఒళ్లు చల్లబరచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి సరిగా ఆవిరవదు. నెల్లూరు, చెన్నై, విశాఖ వంటి తీరప్రాంతాల్లో ఎండాకాలం కుక్కలకు ఎందుకంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఉష్ణోగ్రత ఒకటే అయినా పొడిగా ఉండే ఊరి కంటే ఉక్కగా ఉండే ఊళ్లో వడదెబ్బ ముప్పు ఎక్కువ.

సైబీరియా మంచులో బండి లాగడానికి పెంచిన హస్కీని, రెండు పొరల బొచ్చుతో, నెల్లూరు ఫ్లాట్‌లో ఉంచితే దానికి రోజంతా ఏసీ కావాలి. కరెంటు పోతే ప్రాణం మీదికి వస్తుంది. సెయింట్ బెర్నార్డ్, చౌచౌ వంటివీ మన వాతావరణానికి పనికిరావు.

ముక్కు చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లది మరో కష్టం. వీటికి గాలి పోయే దారే ఇరుకు, రొప్పడమే సరిగా చేయలేవు. 2003లో హచ్ మొబైల్ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్ దేశమంతా ముద్దు మూటగట్టుకుంది. దాంతో ఆ జాతికి గిరాకీ పెరిగిపోయింది. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ 2022లో వెలువరించిన అధ్యయనంలో, ఇతర కుక్కలతో పోలిస్తే పగ్‌లకు ఏడాదిలో ఏదో ఒక జబ్బు చేసే అవకాశం దాదాపు రెట్టింపని తేలింది. ముక్కు, గొంతు ఇరుకుతనం వల్ల వచ్చే శ్వాస ఇబ్బంది అయితే ఏకంగా 54 రెట్లు. ముక్కు మరీ చప్పిడిగా ఉండే కుక్కలను పుట్టించడంపై నెదర్లాండ్స్ 2019 నుంచి ఆంక్షలు అమలు చేస్తోంది. పగ్ గురక మనకు ముద్దుగా వినిపించవచ్చు. నిజానికి అది ఊపిరి అందకపోవడం.

ఏ జాతిని పెంచాలన్నా మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఏడులోపు, సాయంత్రం పొద్దుగూకాకే నడకకు తీసుకెళ్లాలి. చేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. విపరీతంగా రొప్పడం, చొంగ కారడం, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలిపోవడం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద కుళాయి నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలేలా చేస్తూ పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ప్రయాణం అన్నది గుర్తుంచుకోవాలి.

ఏది ఎలా ఉంటుంది?

ఇండియన్ స్పిట్జ్: మనవాళ్లు పమేరియన్ అని పిలిచేది చాలావరకు ఇదే. తరతరాలుగా ఇక్కడే పెరిగి మన వాతావరణానికి అలవాటుపడింది. చిన్న ఇంట్లో ఇముడుతుంది, తెలివైనది. అరుపు ఎక్కువ. రోజూ దువ్వాలి.

షీట్జు, లాసా ఆప్సో: ఒద్దికగా ఉంటాయి, నడక కొంచెం చాలు. బొచ్చు కత్తిరించకపోతే ఉక్కకు చర్మం చెడుతుంది. షీట్జుది కూడా పొట్టి ముక్కే కాబట్టి ఎండలో జాగ్రత్త.

డాక్స్‌హుండ్: పొట్టి కాళ్లు, పొడుగు వీపు. తక్కువ బొచ్చు. మెట్లు ఎక్కడం, సోఫా మీంచి దూకడం వల్ల వెన్నుపూస మధ్య డిస్కులు జారి కాళ్లు పడిపోయే ముప్పుంది. లిఫ్టు లేని మూడో అంతస్తుకు తగదు. లావెక్కకుండా చూడాలి.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్: పిల్లలతో బాగా కలిసిపోతాయన్న పేరుంది. కానీ 25 నుంచి 35 కిలోల దాకా పెరుగుతాయి. రోజుకు గంటకు పైగా కసరత్తు కావాలి. అది లేక ఫ్లాట్లలో ఊబకాయం, తుంటి కీళ్ల అరుగుదలతో బాధపడుతుంటాయి. నడిపించే ఓపిక ఉన్నవారికే ఇవి తగినవి.

జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వీలర్: పని, శిక్షణ, అనుభవం ఉన్న యజమాని కావాలి. మొదటిసారి కుక్కను పెంచేవారు, చిన్నపిల్లలున్న ఫ్లాట్‌లో ఉండేవారు వీటి జోలికి పోకపోవడమే మేలు.

మన జాతులు, నాటు కుక్కలు

2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని ముధోల్ హౌండ్, రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కోంబై వంటి దేశీ జాతులను పెంచమని పిలుపునిచ్చారు. తెలుగు మాట్లాడే రాజులు స్థిరపడిన తమిళనాడులోని రాజపాళయం పేరే ఒక జాతికి పేరైంది. ఇవి మన ఎండకు తట్టుకుంటాయి, జబ్బులు తక్కువ. అయితే ముధోల్, చిప్పిపారై, రాజపాళయం వేట కోసం పుట్టినవి. విశాలమైన చోట పరుగెత్తనిస్తే తప్ప వాటికి తృప్తి ఉండదు. దేశీ జాతి అన్న ఒక్క మాటతో వీటిని ఫ్లాట్‌లో బంధించడమూ తప్పే.

మన కోస్తాకు జోనంగి అనే సొంత జాతి ఉంది. కొల్లేటి జాగిలం అనీ అంటారు. ఒంటికి అంటుకున్నట్లుండే పొట్టి బొచ్చు, నుదుట ముడతలు. మామూలు కుక్కలా మొరగకుండా ఒక రకంగా కూస్తుంది. నేలలో గుంట తవ్వుకుని చల్లగా పడుకుంటుంది. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలను కాయడానికి వాడేవారు. పొలాలు చేపల చెరువులుగా మారాక దానికి పని పోయింది, సంఖ్యా తగ్గిపోయింది. ఉక్కపోసే తీరంలో బతకడానికి కుక్క ఎలా ఉండాలో ఈ జోనంగిని చూస్తే అర్థమవుతుంది. తక్కువ బొచ్చు, పొడుగు ముక్కు, సన్నని ఒళ్లు.

ఈ మూడు లక్షణాలూ ఉన్న మరో కుక్క మన వీధిలోనే ఉంది. అదే నాటు కుక్క. సాధారణంగా మధ్యస్థ సైజులో ఉంటుంది. దాని సంతానంలో మనిషి వేలు పెట్టలేదు కాబట్టి వంశపారంపర్య జబ్బులు తక్కువ. రెండు నెలల వయసులో తెచ్చి, టీకాలు వేయించి, మనుషులతో, శబ్దాలతో అలవాటు చేస్తే ఫ్లాట్‌లో చక్కగా ఇముడుతుంది. జీహెచ్‌ఎంసీ 2025 ఆగస్టులో హైదరాబాద్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధికుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. ఒక పిల్లను దత్తత తీసుకుంటే ఒక ప్రాణం వీధిలో పడకుండా ఆపినట్లే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. నాటు కుక్కకూ రోజూ నడక కావాలి, కొత్తవాళ్లంటే కొంత బెరుకూ ఉంటుంది.

ఇంట్లోవాళ్ల ఆరోగ్యం

రేబిస్: దేశంలో 2024లో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో దాదాపు 36 శాతం మన దేశంలోనే. రేబిస్ అనుమానం ఉన్న జంతువులు కరిచినవారిలో 40 శాతం మంది పదిహేనేళ్లలోపు పిల్లలు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బు నుంచి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే ఇంట్లో కుక్కకు మూడో నెలలో రేబిస్ టీకా, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా బూస్టర్ తప్పనిసరి. ‘మన కుక్కే కదా’ అని గోటి గీరును కూడా వదిలేయకూడదు. సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. రక్తం వచ్చేలా లోతుగా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. మొదలుపెట్టిన డోసులను మధ్యలో ఆపకూడదు.

నులిపురుగులు: కుక్క మలంలోని కొంకిపురుగుల పిల్లలు ఇసుకలో, తడి నేలలో బతికి ఉంటాయి. చెప్పుల్లేని కాళ్లకు తగిలి చర్మం కింద పాకుతూ దురదతో ఎర్రటి గీతలు పుట్టిస్తాయి. కోడూరు బీచ్‌కు కుక్కను తీసుకెళ్లేవాళ్లు మలాన్ని సంచిలోకి ఎత్తడం మర్యాద మాత్రమే కాదు, ఆరోగ్య అవసరం కూడా. కుక్కపిల్లకు మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించాలి.

ఎలుకల జ్వరం: వరిపొలాలు, నీళ్లు నిలిచే చోట్లు ఉన్న తీరంలో లెప్టోస్పైరోసిస్ ముప్పుంది. కుక్కకూ వస్తుంది, దాని మూత్రం ద్వారా మనిషికీ సోకవచ్చు. దీనికి టీకా ఉంది. గోమార్లు పట్టకుండా కూడా చూసుకోవాలి. అవి కుక్కకు ప్రాణాంతక జ్వరాలు తెస్తాయి.

ఎలర్జీ, ఉబ్బసం: ‘ఈ జాతికి బొచ్చు రాలదు, ఎలర్జీ రాదు’ అని అమ్మేవారి మాట నమ్మవద్దు. ఎలర్జీ కలిగించే ప్రొటీన్ కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉంటుంది. అది లేని జాతి లేదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే, కుక్కలున్న బంధువుల ఇంట్లో కొన్నిసార్లు గడిపి చూసి, డాక్టరును అడిగాకే నిర్ణయించుకోండి.

అపార్ట్‌మెంట్‌లో హక్కులు, బాధ్యతలు

అసోసియేషన్ ఓటింగ్ పెట్టి కూడా పెంపుడు కుక్కలను నిషేధించలేదనీ, సైజును బట్టి ‘పెద్దవి వద్దు’ అనలేదనీ భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగే పెంచేవారికీ బాధ్యతలున్నాయి. జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కొనేవారు 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలనూ తెలుసుకోవాలి. నమోదైన పెంపకందారుడే అమ్మాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల పిల్లను తల్లి నుంచి విడదీసి అట్టపెట్టెలో పెట్టి ఇస్తున్నారంటే ఆ బేరం వదులుకోవడమే మంచిది. అలాంటి పిల్లలే పార్వో వంటి జబ్బులతో త్వరగా పోతాయి, బతికినా బెదురుగా, కరిచేవిగా తయారవుతాయి.

‘ఊరికి పంపిద్దాం’ అనేముందు

ఫ్లాట్‌లో కుదరని కుక్కకు చాలా కుటుంబాలు చూసే దారి ఒకటే, ఊళ్లో అమ్మానాన్నల దగ్గర వదిలేయడం. పెరడుంది, గాలి ఉంది, హాయిగా ఉంటుందనుకుంటారు. ఏసీకి అలవాటుపడ్డ హస్కీకి తోటపల్లి గూడూరు మే నెల ఎండలో పెరడు నరకమే. ముప్పై కిలోల లాబ్రడార్ గొలుసు లాగితే డెబ్బై ఏళ్ల మనిషి కింద పడతారు. ఆ వయసులో తుంటి విరిగితే మంచం దిగడం కష్టం. ఫ్లాట్‌లో పెరిగినదానికి వీధికుక్కలతో ఎలా మెలగాలో తెలియదు, కరిపించుకుని వస్తుంది. రాత్రివేళ జబ్బు చేస్తే నెల్లూరు దాకా తీసుకెళ్లేదెవరు? కుక్కను ఎంచుకునేటప్పుడు ఊరిని ప్రత్యామ్నాయంగా లెక్కలో వేసుకోకూడదు. అమ్మానాన్నలు తాముగా అడిగితే వేరే మాట. అప్పుడు కూడా వాళ్ల ఓపికకు తగిన చిన్న నాటు కుక్కే సరైనది.

తెచ్చుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి:

- రోజూ రెండుపూటలా నడిపించేది ఎవరు? వాళ్లు ఊళ్లో లేకపోతే ఎవరు?
- పగలు ఎన్ని గంటలు అది ఒంటరిగా ఉండాలి?
- మే నెలలో కరెంటు పోయినా తట్టుకునే ఒళ్లా దానిది?
- దాని పూర్తి బరువుకు పెరిగాక ఇంట్లో అందరికంటే బలహీనులు దాన్ని పట్టుకోగలరా?
- టీకాలు, తిండి, వైద్యం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఖర్చు నెలనెలా భరించగలమా?
- బదిలీ అయినా, ఇల్లు మారినా, బిడ్డ పుట్టినా పదిహేనేళ్లు ఉంచుకోగలమా?

ఆరింటికీ సూటిగా జవాబు దొరికితే జాతి ఎంపిక పెద్ద కష్టం కాదు. తక్కువ బొచ్చు, పొడుగు ముక్కు, మధ్యస్థ ఒళ్లు ఉన్న ఆరోగ్యమైన పిల్లను చూసుకోండి. రెండింటికి జవాబు లేకపోతే ఈ ఏడాదికి ఆగండి. ఈలోగా సెలవురోజుల్లో బంధువుల కుక్కను నడిపించండి. రెండు నెలలు విసుగు లేకుండా చేయగలిగితే అప్పుడు మీ ఇంటికీ ఒకటి రావచ్చు.